మూడున్నరకల్లా షిప్ ఎక్కాలి

విహారయాత్ర షిప్ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఒక్క వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను. సొంత ఏర్పాట్లతో ఊళ్లోకి వెళ్లినవాళ్లు ఆలస్యమైతే షిప్ ఆగదు. శ్రీలంకలోని త్రింకోమలిలో ఉదయం ఎనిమిదికి దించుతారు, మధ్యాహ్నం మూడున్నరకల్లా ఎక్కాలి. ఈలోగా మా అక్కను సముద్రం అడుక్కి పంపి, క్షేమంగా పైకి రప్పించి, తిరిగి షిప్ ఎక్కించాలి. షిప్ వాళ్ల జాబితాలో గుళ్లూ బజారూ ఉన్నాయిగానీ స్కూబా లేదు. అందుకని నేనే కోయంబత్తూరులో కూర్చుని అక్కడి డైవింగ్ వాళ్లకు రెండు నెలలు మెయిళ్లు రాశాను. కారు, పడవ, అక్కకు డాక్టరు సర్టిఫికెట్, అన్నీ కుదిర్చి, నిమిషాలతో సహా పట్టిక వేసి జేబులో పెట్టుకున్నాను. బోరు మోటార్లు తయారుచేసే వాణ్ణి. ఎక్కడ ఏది కాలిపోతుందోనని ముప్పై ఏళ్లుగా హడలి చస్తూనే ఉన్నాను.

అక్కకు అరవై ఒకటి. తమిళనాట ఒట్టన్‌చత్రం దగ్గర మునగ, టమాటా పండిస్తుంది. చేపల మధ్య మనుషులు ఈదే వీడియో ఒకటి ఫోన్లో చూసింది మొదలు ఆరు నెలలు నన్ను వదల్లేదు. "మన బావికన్నా లోతారా? అట్లయితే నేను దిగాల" అంటుంది. కాదనే నోరు నాకు లేదు.

ఆ రోజు దిగడానికే తొమ్మిది దాటింది. పాస్‌పోర్టుల వరుస కదలదు. నేను పట్టిక తీస్తాను, వాచీ చూస్తాను, మళ్లీ పట్టిక మడుస్తాను.

"ఏంటికిరా ఇట్ల పదరతా ఉండావు? సుమ్మా, ఊరికే నిలబడు" అంది అక్క.

"షిప్ పోయిందంటే మనిద్దరం ఈడనే ఉండాల అక్కా."

"ఉందాము. ఈడ అందరూ తమిళం మాట్లాడతారు గదా" అంది. ఒళ్లు మండిపోయింది.

కారు దారిలో జింకలు అడ్డం వచ్చాయి. ఆ ఊళ్లో అవి మన ఊళ్లో ఆవుల్లాగే రోడ్డు మీద తిరుగుతాయి. డ్రైవరు హారన్ కొట్టడు, నవ్వుతాడు. మేము ఒడ్డుకు చేరేసరికి పదింబావు.

డైవింగ్ నేర్పే ఆయన నలభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది. పడవ ఎక్కకముందే నడుం లోతు నీళ్లలో పాఠం చెప్పాడు. వీపుకు గాలి సిలిండరు, నోట్లో గొట్టం. ఆయన చెప్పిన మొదటి సూత్రం ఒకటే. "మూచ్చు పిడిక్కాదీంగో అమ్మా." ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకి వస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చినిగిపోతాయట. అక్క బుద్ధిగా తల ఊపి నీళ్లలో మునిగింది. గొట్టం దగ్గర నాలుగు బుడగలు వచ్చాయి. తర్వాత రాలేదు. ఆయన ఆమె భుజం తట్టి లేపాడు. మళ్లీ మునిగింది. మళ్లీ బుడగలు లేవు.

నేను ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఆ బుడగలు ఎందుకు రావటం లేదో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

మా తోట బావిలో పిల్లలందరం ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని ఈత నేర్చాం. నాకు ఏడేళ్లప్పుడు ఒకరోజు ముడి ఊడి బుర్ర తేలిపోయింది, నేను మునిగిపోయాను. పన్నెండేళ్ల అక్క దూకింది. మొదటిసారి దొరకలేదు. రెండోసారీ దొరకలేదు. మూడోసారి నా జుట్టు చేతికి చిక్కింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ పిల్ల తలంటు నీళ్ల గంగాళంలో ముఖం పెట్టి ఊపిరి బిగబట్టడం సాధన చేసింది. అమ్మ తిట్టేది. నేను పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. అదంతా ఆటే అనుకున్నాను. ఆ రోజు నుంచి నేను మాత్రం నీళ్లలో కాలు పెట్టలేదు.

"ఇట్లా అయితే తీసుకుపోలేను" అన్నాడాయన, మర్యాదగానే. అప్పటికి పదకొండున్నర. పన్నెండుకు పడవ కదలాలి. ఇంకొక్కసారి చూస్తానన్నాడు. అక్క ముఖానికున్న అద్దాల మాస్కు తీసి నావైపు చూసింది. ఆమె ముఖంలో అంత ఓటమి నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది, షిప్ గురించి కాదు.

ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా నీళ్లలోకి నడిచాను.

"అక్కా, లోపల నన్ను తిట్టు. గొట్టం తియ్యకుండా మనసులోనే తిట్టి, ఒక్కొక్క తిట్టుకూ గాలి బైటికి విడు. ఆపవద్దు."

"ఎన్ని తిట్టాలరా?"

"పైకి వచ్చే దాకా."

మునిగింది. బుడగలు వచ్చాయి. ఆగకుండా, వరుసగా, దండిగా వచ్చాయి. యాభై ఏళ్ల తిట్లు నాకోసం దాచిపెట్టుకున్నట్టే ఉంది. ఆయన సరేనన్నట్టు బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించాడు.

పడవలో నేనూ వెళ్లాను, నట్టనడుమ కూర్చుని, రెండు చేతులా బల్ల పట్టుకుని. వాళ్లిద్దరూ వెనక్కి వాలి నీళ్లలో పడ్డారు. ఇక నాకు కనిపించేది బుడగలే. రెండు చోట్ల లేస్తున్నాయి. ఒకటి అక్కది, ఒకటి ఆయనది. ఏది ఎవరిదో తెలియక రెండింటినీ చూశాను. ఒకసారి అల వచ్చి రెండూ చెదిరిపోయాయి. ఆ కాసేపూ నేనూ ఊపిరి బిగబట్టానని తర్వాత తెలిసింది. వాచీ చూడలేదు. ఇరవై ఐదు నిమిషాలని ఆయన చెప్పాడు కాబట్టి నమ్ముతున్నాను.

వాళ్లు పైకి వచ్చి, పడవ ఒడ్డు చేరేసరికి రెండున్నర. కారులో అక్క తడి జుట్టు విరబోసుకుని కూర్చుంది. జింకలు మళ్లీ అడ్డం వచ్చాయి. మూడూ పది. నేను డ్రైవరు సీటు వెనక నుంచి బతిమాలుతున్నాను.

"బాగా తిట్టినావా?" అన్నాను, నా గాభరా నేనే మరచిపోవడానికి.

"కొంచేపు తిడితిని. తర్వాత తిట్టేది విట్టుట్టిని, మానేస్తిని."

ఆమె వైపు తిరిగాను. "మళ్లా బిగబట్టినావా?"

"లేదురా. గాలి దాని పాటికి అదే పోతా ఉండె." కిటికీలోంచి చూస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "ఆ దినం తర్వాత బావిలో అన్ని నాళ్లు మునిగినా, అడుగు ఎట్లుండాదో నేను చూడలేదు. నువ్వు ఆడ ఉండావేమోనని చేత్తో తడమతానే ఉంటిని. ఈ దినమే కండ్లు తెరిచి చూస్తిని. ఎవర్నీ వెతికే పని లేదు."

షిప్ మెట్లు తీయబోతుండగా చేరాం. అక్క ముందు ఎక్కింది. నేను వెనక ఎక్కుతూ, ఆమె చెయ్యి నేనింకా వదల్లేదని గమనించాను.