అద్దాలొచ్చినంక చూసిన పత్తికాయలు

మా గద్వాల దిక్కు పత్తి అంటె బట్టకు పోయే పత్తి గాదు, ఇత్తనం పత్తి. చెట్టు తనంతల తాను కాస్తె పనికిరాదు, దానికి మేమే పెండ్లి జెయ్యాలె. దాన్నే క్రాసింగ్ అంటం. పొద్దుగూకే ముందు ఆడ వరసల్ల, తెల్లారితె విచ్చే మొగ్గను దొరకవట్టి, బొటనవేలి గోరుతోటి ఒలిచి, లోపల నడిమి పుల్ల చుట్టూ ఉండే పుప్పొడి గింజలన్ని గోకి తీసెయ్యాలె. మీద ఎర్ర కాయితం తొడగాలె. మర్నాడు పొద్దున కాయితం తీసి, మొగ వరసల పువ్వు తెచ్చి దానికి రుద్ది, మల్ల తొడగాలె. లోపల గింజలు మిగిలినయా, ఆ కాయ కల్తీదే. పంటయినంక కంపెనీవోళ్లు కొన్ని ఇత్తనాలు తీస్కపోయి నాటి చూస్తరు. కల్తీ తేలిందంటె మా ఇత్తనం మొత్తం వాపస్. కౌలు చేను మాది, ఏడాది కష్టం మన్నుల కలుస్తది.

ఈ పని నాకు చిన్నప్పటి సంది వచ్చు. ఊర్లె నా గోరుకు పేరుంది. అందుకే మొన్న వానకాలం, నా పక్క వరస పట్టే ఆపా, అదే, మా వెనకింటి టైలర్ భార్య, "చెల్లే, నువ్వొలిచిన మొగ్గలల్ల గింజలు మిగుల్తున్నయే" అంటె నాకు ఒళ్లు మండింది.

"ఏంది ఆపా, నాకు కండ్లు కనవడ్తలేవంటవా? అగో, ఆ కాలువ గట్టు మీద మేసే బర్రె ఎవరిదో, దాని కొమ్ము ఎటు వంగిందో చెప్పాల్నా?" అన్న. అనుడే గాదు, చెప్పిన గూడ.

"మనం బర్రెకు క్రాసింగ్ జేస్తున్నమా?" అని ఆపా నా చేతిల ఒక మొగ్గ పెట్టింది. "ఇది చూడు."

చూడనీకె చెయ్యి చాపిన. జర ఇంకింత చాపిన. ఆమె పక్కున నవ్వింది. "చాపు చాపు, ఇంకింత చాపితె వనపర్తిల తేల్తది నీ చెయ్యి!"

వరసల్ల ఉన్న ఆడోళ్లంత నవ్విన్రు. నేను మూతి ముడుచుకోని ఆమెతోటి మాట బందు పెట్టిన. గని ఇంటికాడ అన్నంల రాళ్లొస్తున్నయని మా ఇంటాయన రోజూ సణుగుతనే ఉండె. నేనేమో రేషన్ దుకాణపాయన్ను తిట్టుకుంట కూసుంటి. ఆనాడు చేట ముంగట పెట్టుకోని కూసున్నంక సోంచాయించిన. రాయి ఏదో, నూక ఏదో నాకు తేడా తెలుస్తలేదు.

నేనే పోయి "నడువ్ ఆపా, దవాఖానకు పోదాం" అన్న. పొద్దటి పువ్వు రుద్దే పని అయిపోగొట్టుకోని ఇద్దరం గద్వాల పోయినం. డాక్టరమ్మ చూసి, "రోగం ఏం లేదమ్మా, వయసొచ్చింది. దగ్గరివి చూడాలంటె అద్దాలు పెట్టుకో" అన్నది. "నాకా, వయసొచ్చింది?" అని అడిగిన. ఆపా ఎటో చూసుకుంట నవ్వింది.

ఆడనే అద్దాలు కొని పెట్టుకోని, వాపసొచ్చే బస్సుల నా చేతులు చూసుకున్న. ఏలి గీతల్ల ఆకు పసరు నల్లగ ఇంకింది. ఇన్నొద్దులు మంచిగనే కడుక్కున్ననుకున్న. సిగ్గయింది, సంతోషం గూడ అయింది. టికెట్ మీది సన్నపు అచ్చు గూడ ఒక్కొక్కటే కూడబలుక్కోని చదివిన.

దిగినోళ్లం సీద చేనుకే పోయినం. పొద్దున నేను పువ్వు రుద్దినయ్ ఇంకా వాడలేదు. ఒక ఎర్ర కాయితం తీసి చూసిన. అడుగున పసుప్పచ్చని గింజలు. ఇంకోటి తీసిన, గట్లనే. తర్వాతది సాఫుగుంది. దాని పక్కది మల్ల గట్లనే. ఈ పువ్వులంటె తెంపి పారేస్త. మరి ఇదివరకే కట్టిన కాయలో? అవిట్ల ఏది మంచిదో ఏది కల్తీదో ఏ అద్దాలు పెట్టినా కనవడది.

చేన్లనే ఉన్న మా ఇంటాయన మొగులు దిక్కు చూసుకుంట, "ఉండనీ తియ్యే, అన్నిట్ల కలిసిపోతది" అన్నడు.

"కలిసిపోతదనే గదయ్యా నా భయం!" అన్న. నా వరసలు నాకు ఎరుకే. చేను పడమటి దిక్కుయన్ని ఈ ఏడు నేనే పట్టిన. అవి తీసేస్తె ఆపా వరసలు, కూలోళ్ల వరసలన్న పాసైతయ్.

తెల్లారి మా ఇంటాయన, ఆపా, నేను ముగ్గురం నా వరసల కాయలు తెంపుడు పెట్టినం. కొన్నైతె పిడికిలి నిండ ఉన్నయ్. నాకు ఏడుపు ఆగలె. అద్దాలు తుడుచుకునుడు, తెంపుడు. పచ్చటి కాయ మీద సన్నసన్న నల్ల చుక్కలుంటయ్. ఎన్నేండ్లాయెనో అవి చూడక, ఉంటయన్నదే మర్సిపోయిన. ఎంత ముద్దుగున్నయో! ఒక్కొక్కటి తెంపి, కండ్ల ముంగట పెట్టుకోని చూసి, కింద పడేస్తున్న.

"చూసింది చాలు, తెంపు" అన్నడు మా ఇంటాయన.

"చూడనీయయ్యా" అన్న. "చూడకనే గద ఇవిటిని పోగొట్టుకున్న."

ఆయన నాకు అందేటట్టు ఇంకో కొమ్మ వంచి పట్టుకున్నడు.