కార్డు చదివిన పిల్ల

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. నాయనకు కూడ రాదు గాని ఆయనకు ఆ బాధ లేకుండె. బేల్దారి పని చేసేటోడు, గోడ సక్కగ లేస్తే చాలు, చదువుతోని ఏం పని అనేటోడు. అమ్మ సంగతి వేరే. ఆమె తల్లి, అంటే మా అమ్మమ్మ, పాలమూరు దిక్కు ఊర్లె మంచం పట్టి ఉండె. ఒక వారం నయం, ఒక వారం కష్టం. బొంబాయి నుంచి మాటిమాటికి పోయే దారి కాదది. అందుకే అమ్మ మా మేనమామకు గట్టిగ చెప్పి వచ్చింది: "అవ్వ పానం బాగలేదంటే కార్డు రాయి అన్నా. కార్డు అందిన రోజే బస్సెక్కుత. ఆఖరి చూపు మాత్రం నాకు తప్పియ్యకు." ఇగ అప్పటి నుంచి ఆమె ధ్యాసంతా పోస్ట్‌మన్ మీదనే.

మేముండేది బొంబాయి కామాటిపురలో, వరుస గదుల చాల్ ఒకదాంట్ల రెండో అంతస్తు. ఒకటే గది, ఖోలీ అంటరు, ముందర పొడుగు గ్యాలరీ. గ్యాలరీ చివరి ఖోలీలో ఒక ముసలాయన ఉండేటోడు. నేను తాత అనేదాన్ని, అమ్మ పెద్దనాయనా అనేది. మేస్త్రి పని చేసి చేసి చెవులు పోయినయి గాని కండ్లు మంచిగుండె. చాల్‌ల ఎవరికి కార్డొచ్చినా ఆయన దగ్గరికే పోవాలె. ఆయన బయటికొచ్చి, బాల్టీ బోర్లించి కూసొని, కార్డు దూరంగ పట్టుకొని చదివేటోడు. తన గొంతు తనకు వినబడదాయె, అందుకని కింద నల్ల కాడ గిన్నెలు తోమేటోళ్లకు సుతం వినబడేటట్టు చదివేటోడు. ఎవరింటి ముచ్చటైనా సరే, చాల్ మొత్తానికి తెలవాల్సిందే.

ఒకసారి మామ రాసిన కార్డుల అత్తమ్మ కొట్లాడి పుట్టింటికి పోయిందని, అవ్వకు గంజి కాసి పోసేటోళ్లు లేరని ఉండె. తాత అంతా ఒకటే గొంతుతోని చదివిండు. తెల్లారి నల్ల కాడ ఒకామె నవ్వుకుంట, "ఏమమ్మా, మీ వదిన మళ్ల వచ్చిందా, లేకుంటే మీ అన్ననే గంజి కాస్తున్నడా?" అన్నది. అమ్మ నింపిన బిందె అక్కడనే కుమ్మరించి పైకొచ్చింది. "నా తల్లి కష్టం వీళ్లకు తమాషా అయింది! ఇగ నా కార్డులు నా బిడ్డనే చదువుతది. నా ఖోలీల, తలుపేసుకొని" అన్నది. ఆ బిడ్డను నేనే. నాకు అప్పటికి అయిదు దాటి కొన్ని నెలలు. బడిల వెయ్యాలంటే ఇంకో ఏడాది ఆగాలె. బాల్వాడీకి పోయేదాన్ని గాని అక్కడ మరాఠీ పాటలు తప్ప ఏం లేకుండె.

చదువు రాని మనిషి చదువు నేర్పుడు నేను కండ్లార చూసిన. పొద్దున్నే తాత పలక మీద ఒక అక్షరం రాసిచ్చేటోడు. అమ్మ జొన్న పిండి తాంబాలంల పరిచి దాని మీద నా వేలు పట్టి దిద్దిచ్చేది. పలక దిక్కు చూసేది, పిండి దిక్కు చూసేది. "దీని తోక గింత పొడుగు లేదే, మళ్ల రాయి" అనేది. అదేం అక్షరమో ఆమెకు తెలవదు, ఆకారం మాత్రం తప్పనిచ్చేది కాదు. దిద్దుడు అయినంక అదే పిండితోని రొట్టెలు చేసేది. అట్ల అ ఆ లన్నీ మేమే తిన్నం.

ఆ లెక్కన పోతే ఇంకో ఏడాదికి చదువుదునేమో. కాని అమ్మకు ఓపిక లేదు, ఊర్ల అవ్వ అట్లున్నది. అందుకని కార్డులతోనే మొదలుపెట్టింది. ఏ మాటైనా ఒకసారి విన్నదంటే మరిచేది కాదు. తాత చదివిన పాత కార్డు తెచ్చి, నన్ను ఒళ్లె కూసోబెట్టుకొని, వరుస కింద వేలు జరుపుకుంట చెప్పేది. నేను అనేదాన్ని. "ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమందరము క్షేమము. అక్కడ మీరందరు క్షేమమని తలుస్తాము. అవ్వకు నయముగా ఉన్నది. దిగులు పడవలదు." మామకు కార్డు రాసిపెట్టేది ఊరి బడి పంతులు. ఆయన ఎవరికి రాసినా మొదలు ఇదే. అత్తమ్మ కొట్లాడి పోయినప్పుడు కూడ మొదటి వరుసల అందరం క్షేమమే. క్షేమం అనకుండ కార్డు మొదలుపెడితే అపశకునం అనుకునేటోళ్లు.

పిల్లలు చదువుడు అట్లనే మొదలువెడుతరని నాకు తర్వాత తెలిసింది. నా కొడుకు సుతం బొమ్మల పుస్తకం తలకిందులు పట్టుకొని కథ మొత్తం చెప్పేటోడు. నేను నవ్వేదాన్ని, నవ్వి, నడుమ ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంది నాన్నా?" అని అడిగేదాన్ని. మా అమ్మ అట్ల అడగలేదు. ఎట్ల అడుగుతది, ఆమెకు కూడ తెలవదాయె.

నెల తిరిగేసరికి ఏ పాత కార్డు చేతికిచ్చినా నేను గడగడ అప్పజెప్పేదాన్ని. అమ్మ మురిసిపోయి నల్ల కాడ చెప్పుకున్నది, "మా పోరి కార్డు చదువుతది" అని. తాత మాత్రం "గుణింతాలే రాలేదు బిడ్డా, తొందరపడకు" అన్నడు. "మీకు వినబడదు పెద్దనాయనా, మంచిగ చదువుతది" అని అమ్మ ఆయన చెవిల అరిచింది.

కొత్త కార్డు ఒక వాన రోజు వచ్చింది. అమ్మ తలుపేసి, చేతులు కొంగుకు తుడుచుకొని నా ముందర కూసున్నది. కార్డు నిండ సన్న రాత. చాలక అంచుకు అడ్డం తిప్పి కూడ రాసిన్రు. మొదటి వరుస నేను గుర్తుపట్టిన. క్షేమము, క్షేమము, నిజంగనే ఉన్నయి. కింద ఒక కాడ "అవ్వ" అని కనబడ్డది. "అవ్వకు" అన్న. మిగిలింది నోరే అన్నది: "నయముగా ఉన్నది. దిగులు పడవలదు."

ఆరేండ్లు నిండని పిల్లకు ఏం తెలుస్తదని ఎవరన్న అంటే నేనొప్పుకోను. ఆ రాత నాకు రాదని నాకు తెలుసు. కాని అమ్మ మొకం అంత దగ్గరగ ఉన్నది, ఎన్నో రోజులకు నవ్వుతున్నది. "గింత రాసిండు గదనే, ఇంకేమున్నది?" అన్నది. "వానలు మంచిగ పడుతున్నయంట. అందరిని అడిగినట్టు చెప్పమన్నడంట" అన్న. నేనే కల్పించి చెప్పిన. అమ్మ కార్డును తీగకు గుచ్చి, ఆ పూట నా రొట్టెల బెల్లం పెట్టింది.

పన్నెండు రోజులకు మా ఊరాయన ఒకడు వర్లిల కొత్త కట్టడం పనికి దిగి, నాయనను చూద్దామని వచ్చిండు. గడపల నిలబడి అమ్మను చూసి బిత్తరపోయిండు. "అక్కా, నువ్వింకా ఈడనే ఉన్నవా? పెద్దమ్మ పోయి అయిదొద్దులాయె. కార్డు రాసిన్రు గద!"

"కార్డొచ్చింది. మంచిగుందనే రాసిన్రు" అన్నది అమ్మ. అని, తీగ నుంచి కార్డు గుంజుకొని గ్యాలరీ చివరిదాక ఉరికింది. వెనుక నేను. తాత చదువుడు మొదలుపెట్టి, రెండో వరుసకు వచ్చేసరికి గొంతు తగ్గించిండు. "అవ్వకు బొత్తిగా బాగలేదు. అన్నము మానినది. నిన్నే కలవరిస్తున్నది. కార్డు చూసిన వెంటనే రాగలవు."

అమ్మ నా దిక్కు తిరిగింది. వీపు పగులుతదనుకున్న. కొట్టలేదు. "రాదంటే రాదని చెప్పొద్దా బిడ్డా?" అన్నది.

"నువ్వు చదివినట్టే చదివిన" అన్న.

అమ్మ అక్కడనే, తాత గడపకు ఆనుకొని కూలబడ్డది. తర్వాత గ్యాలరీల ఎవరు చూస్తున్నరో పట్టించుకోకుండ గట్టిగ ఏడ్చింది.

దినాలకు మేమిద్దరం పోయినం. మామ వాకిట్లనే నిలబడి ఉండె. చుట్టాలందరి ముందర, "కార్డు అందలేదా?" అని అడిగిండు. అందలేదంటే అయిపోయేది, తప్పు పోస్టోళ్ల మీదికి పోయేది. పోరి తప్పు చదివిందన్నా అయిపోయేది. అమ్మ నా చెయ్యి పట్టుకొనే ఉండె.

"అందింది అన్నా. నేనే జాగు చేసిన" అన్నది.

"తల్లి నీ పేరు పిలుచుకుంటనే పోయింది" అన్నడు మామ. లోపలి నుంచి అత్తమ్మ, "బొంబాయి పోయినోళ్లకు తల్లెందుకు యాదికుంటది" అన్నది. అమ్మ ఆ మాట పడ్డది. చెప్పాల్సింది నేనే అని నాకు తెలుసు. నోరు తెరవలేదు. మామ ఆ తర్వాత చాన ఏండ్లు అమ్మతో మాట్లాడలేదు. ఇప్పుడు అమ్మ లేదు, మామ ఉన్నడు. ఆయన లెక్కల మా అమ్మ ఇంకా తల్లి పిలిస్తే రాని బిడ్డనే.