మిషను పెట్టిన శ్రుతి

సాయంత్రం నీరెండ వంటింటి గచ్చు మీద పడే వేళకు మా ఫ్రిజ్ సన్నగా రొద మొదలుపెడుతుంది. ఏ పనిలో ఉన్నా నా గొంతు నాకు తెలియకుండానే ఆ రొదతో కలిసిపోతుంది. కళ్ళు మూతలు పడతాయి. కింద గోడౌనులోంచి బెల్లం వాసన తేలి వస్తుంది. విజయవాడ వన్ టౌన్‌లోని ఈ మేడ మీద, పక్క వాటాలో రత్నం టీచరు గారు ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

ఆవిడ చల్లపల్లిలో సంగీతం చెప్పి రిటైరయ్యారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. నేను ఇక్కడ అద్దెకు దిగేనాటికి నాకూ ఓ జబ్బు తోడైంది, కీళ్ళవాతం. పొద్దున లేస్తే చీర కుచ్చిళ్ళు పెట్టుకోవడానికి కూడా వేళ్ళు వంగేవి కావు. చిన్నప్పటి నుంచీ వాయించిన హార్మోనియానికి గుడ్డ చుట్టి అటకెక్కించేశాను. ముప్పై ఏళ్ళకే నా పని అయిపోయిందని కుమిలి కుమిలి ఏడ్చేదాన్ని.

తొలిసారి వాళ్ళ గుమ్మంలో నిలబడినప్పుడు ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఏడిస్తే ఏడువు కానీ, కాస్త శ్రుతిలో ఏడువమ్మాయ్. గోడకివతల వినలేక చస్తున్నాను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఎన్నాళ్ళయిందో నేను నవ్వి!

సాయంత్రాలు ఆవిడ స్నేహితురాళ్ళు ఇద్దరు వచ్చేవారు. కూచిపూడిలో పుట్టిన సీత గారు, నర్సుగా చేసి రిటైరైన మేరీ గారు. సీత గారికి తాళం ప్రాణం. మేరీ గారిది చర్చిలో పాడి పాడి నిండిన గొంతు. టీచరు గారు పల్లవి ఎత్తుకునేవారు, ఊపిరి చాలినంత మేరకే. ఆవిడ ఆగిన చోట సీత గారు అందుకునేవారు, ఆ తర్వాత మేరీ గారు. అందాకా టీచరు గారు ఊపిరి కూడదీసుకునేవారు. "నేను ఆగిన చోట మీరు ఆగారో, ఊరుకోను" అన్నది ఆ ఇంటి కట్టుబాటు. శ్రుతిపెట్టె ఉండేది కాదు. మిషను రొదకే గొంతులు కలిపేవారు. "ఆక్సిజన్ కొంటే తంబూరా ఉచితంగా వచ్చిందే, సీతా!" అని మురిసిపోయేవారు ఆవిడ.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మీకు భయం వెయ్యదాండీ?"

"ఎందుకు వెయ్యదూ? చచ్చేంత భయం. అందుకే కదా వీళ్ళని రమ్మనేది! భయపడుతూ కూడా పాడొచ్చమ్మాయ్."

ఓ వానాకాలం సాయంత్రం, పాట మధ్యలో కరెంటు పోయింది. మిషను ఆగింది. మేరీ గారు చటుక్కున లేచి గొట్టాన్ని సిలిండరుకు మార్చారు. ప్రమాదమేమీ లేదు. కానీ రొద పోయింది. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరం బిక్కచచ్చిపోయి ఆవిడ వైపే చూశాం.

"ఏంటే, నేను పోయాననుకున్నారా? శ్రుతి పోయిందంతే" అన్నారు టీచరు గారు ఆయాసపడుతూనే. తర్వాత నా వైపు తిరిగారు. "నీ హార్మోనియం పెట్టె దింపు."

"నా వేళ్ళు వంగవండీ."

"నిన్ను కచేరీ చెయ్యమన్నానా? ఒక్క మెట్టు నొక్కి ఉంచు. దానికి వేలు వంగక్కర్లేదు."

సీత గారు, నేను కలిసి దింపాం. గాలితిత్తి కదిపి, బిర్రబిగిసిన వేలితో ఒక్క మెట్టు నొక్కాను. గది నిండింది. ఆవిడ కళ్ళు మూసుకుని పల్లవి ఎత్తుకున్నారు. ఏడుస్తూనే ఆ మెట్టును వదలకుండా పట్టుకున్నాను. అంత సంతోషం నాకు జబ్బు రాక ముందు కూడా తెలియదు.

మరుసటి వేసవిలో ఆవిడ పోయారు. మిషనును ఎవరో పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు సీత గారు, మేరీ గారు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. నేను పెట్టె ముందు కూర్చుని ఆ మెట్టు నొక్కాను. ఎవరూ పాట ఎత్తుకోలేదు. అది టీచరు గారి వంతు మరి. చాలాసేపు ఆ శ్రుతి అలా సాగుతూ ఉంది. చివరికి నేనే నోరు తెరిచాను. పల్లవి సగంలో ఆగిపోయాను. సీత గారు అందుకున్నారు.

ఇప్పటికీ కొన్ని పొద్దులు వేళ్ళు మొండికేస్తాయి. ఎన్నాళ్ళిలా అని భయమూ వేస్తుంది. ఇదిగో, ఫ్రిజ్ టక్కున ఆగింది. ఆ స్వరాన్ని జారవిడవకుండా వెళ్ళి పెట్టె తెరిచాను. మోకాళ్ళను తిట్టుకుంటూ సీత గారు మెట్లెక్కి వస్తున్నారు.