పాతకు A ఎందుకు?

నాకు కంప్యూటర్ నేర్పినాయన ఎల్లారెడ్డిలో ఒక ఫొటో స్టూడియోలో ఆపరేటర్. నేర్పాడంటే ముద్దుచేసి కాదు. తప్పు నొక్కితే స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు, కస్టమర్ల ముందే మొద్దు అనేవాడు. తర్వాత నేను కామారెడ్డిలో రిపేరు దుకాణం పెట్టుకున్నాను. ఆయనకు అరవై దాటాయి. కొత్త విండోస్ అర్థంకాక నన్నే పిలిచేవాడు. పిలిచి కూడా మొద్దు అనడం మానలేదు.

స్టూడియో ఓనరు చిన్నవాడు. "ఇంకొక్కసారి ఫొటోలు పోయినయంటే ఇగ మీరు రాకుండ్రి సార్" అని నా ఎదుటే ఆయనతో అన్నాడు. అందుకే ఆయనకు ఒక బ్యాచ్ ఫైలు, అంటే కంప్యూటర్ వరసగా చేయాల్సిన పనుల చీటీ, రాసిచ్చాను. నెలాఖరున దాన్ని నడిపితే ఆ నెల పెళ్లి ఫొటోలు బయటి డిస్కులోకి కాపీ అయి, కంప్యూటర్‌లోంచి చెరిగిపోతాయి. ఫొటోల ఫోల్డరు జాడకు PATHA అని పేరు పెట్టి, విండోస్ తనకు కావలసిన పేర్లు రాసుకునే లిస్టులో, అంటే రిజిస్ట్రీలో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఎక్కించాను. అవి పాత ఫొటోలు, 'పాత'ను మనం ఇంగ్లిష్ అక్షరాల్లో అలాగే రాస్తాం కదా.

"రిజిస్ట్రీ అయిందా? అయితే ఇగ ఎవ్వడు కదిలియ్యలేడు" అన్నాడాయన, పొలం రిజిస్ట్రేషన్ సంగతి మాట్లాడుతున్నట్టు.

కదిలించింది ఆయనే. అంతకు ముందు ఒకటి జరిగింది. నేను వెళ్లేసరికి స్టూడియో నిండా పెళ్లివాళ్లు కూర్చున్నారు. నన్ను చూపించి, "గీ మొద్దుకు మౌస్ పట్టుడు నేనే నేర్పిన. ఇప్పటికి గంతే వచ్చు" అన్నాడు. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. బస్సు కామారెడ్డి చేరేదాకా ఒళ్లు మండుతూనే ఉంది.

నాలుగు రోజులకు వాట్సాప్‌లో తెర ఫొటో పంపాడు. ఫోల్డరును వేరే డ్రైవులోకి మార్చి, బ్యాచ్ ఫైలును సొంతంగా దిద్దాడు. మొదటి వరుసలో set PATH అని ఉంది, కింది వరుసల్లోనూ A తీసేశాడు. కింద ఆయన గొంతు: "పాతకు ఆ చివరి A ఎందుకురా? లిస్టుల విండోసోడే PATH అని పెట్టుకున్నడు. నేను గట్లనే రాసిన. నడిపియ్యాల్నా?"

అది పాత కాదు. విండోస్ తన ప్రోగ్రాములను వెతుక్కునే దారి. దాన్ని ఫొటోల ఫోల్డరు వైపు తిప్పేస్తే ఆ ఫైలుకు కాపీ చేసే xcopy దొరకదు. చెరిపే del ను మాత్రం ఎక్కడా వెతకక్కర్లేదు, అది లోపలే ఉంటుంది. కాపీ అవదు, చెరపడం ఆగదు.

వద్దు అని ఒక్క మాట రాస్తే అయిపోయేది. "మీకు తెలియనిదేముంది సార్" అని రాశాను. ఆ del నాకు తట్టలేదని తర్వాత అందరికీ చెప్పాను. తట్టింది.

కాసేపటికి ఫోన్ చేశాడు. "తెర మీద నల్లడబ్బ వచ్చి పోయిందిరా. ఫోల్డరు ఖాళీ అయింది. మంచిగ పనిజేసింది" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కొత్తవి వాటి మీద పడకముందే, అప్పుడైనా చెబితే ఫొటోలు చాలావరకు తిరిగి లాగవచ్చు. మంచిది సార్ అని చాయ్ తాగాను. ఆ ఖాళీలోకి ఆయన కొత్త పెళ్లి ఫొటోలు నింపేశాడు.

రెండు రోజులకు పెద్దకొడప్‌గల్ నుంచి ఆల్బమ్ కోసం వచ్చారు. డిస్కు తెరిస్తే ఆ నెలది ఏమీ లేదు. నన్ను పిలిపించారు. ఎంత గింజుకున్నా దొరికింది సగం ముఖం పెళ్లికూతురు, కింద అంతా బూడిదరంగు. ఆమె తండ్రి ఆ సగాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"గీ ఫైలు రాసిందెవరు?" అన్నాడు ఓనరు నా వైపు తిరిగి.

"ఆ పోరడు మంచిగనే రాసిచ్చిండు. A తీసేసింది నేను" అన్నాడాయన. నేను రాసిన మెసేజ్ ఆయన జేబులోనే ఉంది. ఫోన్ బయటికి తీయలేదు.

కళ్లద్దాల డబ్బా, స్కేలు సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. మెట్ల దగ్గర ఆగి మెల్లగా అడిగాడు: "నేను పంపినప్పుడే నీకు తెల్సా?"

"లేదు సార్. నాకూ తెల్వలే."

నన్ను కాసేపు చూశాడు. "గింత గూడ నేర్పకపోతినారా నీకు? మొద్దు" అన్నాడు.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ తిట్టు నాకు హాయిగా ఉంది.