పదో కుండీ

ఈ ఉదయం మామిడి కొమ్మ తొక్క చెక్కుతుంటే సొన చిమ్మి నా బొటనవేలికి అంటింది. ఇన్నేళ్ళుగా అదే పని, అదే సొన. అయినా ఆ ఘాటు వాసన తగిలిందంటే చాలు, ఎస్తేరమ్మ పంతులమ్మ వచ్చి నా మోచేతి పక్కన నిలబడి తొంగిచూస్తున్నట్టే ఉంటుంది. “ఏదీ, చూడనీ!” అనడం ఆమె అలవాటు. మేము పలక మీద లెక్క సగం వెయ్యకముందే “ఏదీ, చూడనీ” అని లాక్కునేది. పొయ్యి మీద అన్నం కుండ మూత పదిసార్లు తీసి చూసేది, అందుకే ఆమె ఇంట్లో అన్నం ఎప్పుడూ పలుకుగానే ఉండేది. మనిషి మరీ పొట్టి. నల్లబల్ల పైవరసలో రాయాలంటే ఖాళీ డబ్బా బోర్లించి దాని మీద ఎక్కేది. దేవుడు ఆమెకు ఎత్తు తక్కువిస్తే ఇచ్చాడు, ఓపిక ఇవ్వడం కూడా మరిచిపోయాడని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

అది నిజాం కాలం. మొయినాబాద్‌లో మా క్రైస్తవ బడి నాలుగో తరగతితో ఆగిపోయేది. ఆపైన చదవాలంటే పట్నం పోవాలి, దానికి ఆసరా కావాలి. ఆ ఆసరాకు మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు ప్రతి ఇంటి ఆడమనిషీ పిడికెడు జొన్నలు తీసి వేరే కుండలో వేసేది. నెలకోసారి ఆ గింజలన్నీ చేవెళ్ళ చర్చికి చేరేవి. ఏటా కోతల పండుగనాడు సంఘపెద్దలు కూర్చుని, వాటిని చదువుకునే ఏ బిడ్డకు ఇవ్వాలో తేల్చేవాళ్ళు. దాన్నే వజీఫా అనేవాళ్ళం. పంతులో నర్సో కాబోయేవాళ్ళకు తప్ప అది ఎవరికీ దక్కేది కాదు. నేను లెక్కల్లో మొద్దును. నన్ను కన్న బాపూ అవ్వా కూలికి పోయేవాళ్ళు. బడి అయిపోగానే నేనూ వాళ్ళ వెనకే కొడవలి పట్టుకుని నడవాల్సిందే.

నాకు చేతనైన పని ఒకటే. బడి వెనక పగిలిన కుండల్లో గులాబి కొమ్మలు గుచ్చి బతికించేదాన్ని. పంతులమ్మ అది చూసింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అజీజ్‌నగర్ వైపు ఒక నవాబు తోటకు తీసుకెళ్ళింది. అక్కడి ముసలి మాలీ జలీల్ తాత కట్టిన అంటుమామిళ్ళకు ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. “ఆడపిల్లకు నేర్పుతవా, భాయ్?” అని అడిగింది. ఆయన నా వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూశాడు. “రెండు వానకాలాలు ఉండాలె. ఒకదాంట్ల చెయ్యి వస్తది, రెండోదాంట్ల బుద్ధి వస్తది” అన్నాడు.

ఆ ఏటి పండుగకు ఆమె నన్ను పెద్దల ముందు నిలబెట్టింది. సంఘపెద్ద ఆశీర్వాదం తాత పెద్దగా నవ్వాడు. “మాలీ పనికి వజీఫానా? మొక్కకు నీళ్ళు పోసుడు ఎవ్వలకు రాదమ్మా?”

“నీళ్ళు పోసుడు మీకొస్తది. టెంక మొక్కకు తీపి పండ్లు కాపిచ్చుడు వస్తదా? నాకైతే రాదు. మా దీన నేర్చుకుంట అంటున్నది.”

“సర్టిఫికేట్ ఇస్తరా అక్కడ?”

“కాయలు కాస్తయి. అంతకన్న సర్టిఫికేట్ ఏముంటది?”

చాలాసేపు గుంజులాడి ఒక్క ఏడాదికి ఒప్పుకున్నారు. వచ్చే పండుగకు చేసి చూపించాలి, లేకపోతే గింజలు బంద్. నా కూలి పోయినచోట ఆ జొన్నలే మా ఇంటికి ఆధారం. అవి ఆగితే నా తోట కూడా ఆగినట్టే.

వానలు పడ్డాక జలీల్ తాత నాతో పది అంట్లు కట్టించాడు. కుండీలో పెంచిన టెంక మొక్కను తల్లిచెట్టు దగ్గర పెట్టి, మొక్కకూ చెట్టుకొమ్మకూ తొక్క చెక్కి, గాయాన్ని గాయానికి ఆనించి, అరటినారతో బిగించి, పైన మట్టీ పేడా మెత్తాలి. ఇక రెండు నెలలు ముట్టకూడదు. తొమ్మిది కుండీలు నేలమీదే సరిపోయాయి. పదోదానికి పనికొచ్చే కొమ్మ ఎత్తులో ఉంటే కట్టెలతో మంచె వేసి దానిమీద పెట్టాం. నిచ్చెన వేసుకుని నీళ్ళు పోసేదాన్ని. పంతులమ్మ ప్రతి ఆదివారం ఆరాధన కాగానే వచ్చేసేది. “ఏదీ, చూడనీ, అతికిందా?” అని చెయ్యి చాపేది. “అమ్మా, జర దూరం. ఇది పలక కాదు” అని జలీల్ తాత అడ్డం నిలబడేవాడు.

రెండు నెలలయ్యాక తల్లికొమ్మలకు కట్టు కింద గాటు పెట్టాం. అతుకు కుదిరితే కొమ్మ కుండీలోని వేరుతో బతకాలి. నాలుగు రోజుల్లో తొమ్మిది కొమ్మలు వడిలిపోయాయి, మంచె మీది పదోది ఒక్కటే పచ్చగా నిలిచింది. ఏడుస్తూనే ఒక్కొక్క కట్టూ విప్పాను. లోపల గాయాలు దేనికది ఎండిపోయి ఉన్నాయి. కట్టు విప్పడానికి మట్టి రాల్చినప్పుడే చూశాను, అరటినార ముడి నాది కాదు. నేను బిగించి ఒంటిముడి వేశాను. ఇక్కడ రెండు రెక్కలతో పువ్వుముడి ఉంది. బడిలో పంతులమ్మ నా జడకు రిబ్బను కట్టే ముడి అదే. తొమ్మిదింటికీ అదే.

“ఎవలు ముట్టిన్రు, బేటీ?” అన్నాడు తాత.

“తెల్వదు తాతా” అన్నాను. అబద్ధం. నాకెంత కోపమొచ్చిందంటే, ఆ వారమంతా ఆమె ఎదురైతే మొహం తిప్పుకుని పోయాను. నాకు బతుకు చూపించిన మనిషే దాన్ని పాడుచేసిందని కుమిలిపోయాను. తొమ్మిదీ పోయాయని తెలిసి పంతులమ్మ “అయ్యో” అన్నది, అంతే. చూడనీ అని కూడా అడగలేదు.

పండుగకు బండి కట్టుకుని చేవెళ్ళ పోయాం. చెట్టునుంచి వేరుచేసిన పదో కుండీ నా ఒడిలో ఉంది, కొమ్మ పచ్చగా, కట్టు అట్లాగే. ఎదురుగా కూర్చున్న పంతులమ్మ దారంతా రెండు చేతులూ కొంగులో ముడుచుకునే ఉంది. చర్చి నిండా గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్నకంకులు. ఆశీర్వాదం తాత కుండీ చూసి పెదవి విరిచాడు. “పదింట్ల ఒక్కటా? బడి పిల్లగానికైతే నాపాసు అంటం.” అవ్వ తల దించుకుంది.

పంతులమ్మ లేచింది. వెనకవాళ్ళకు కనబడదని బెంచీ ఎక్కింది. “ఆ తొమ్మిది నేనే చంపిన. దీన, జలీల్ భాయ్ కుండీలు తెచ్చేటందుకు చిల్కూరు పోయినప్పుడు దొంగలెక్క పోయి, కట్లు ఇప్పి చూసి, మళ్ళ కట్టి మట్టి మెత్తిన. పదోది నాకు అందలే, నిచ్చెన దొరకలే, గందుకే బతికింది.” వెనకనుంచి ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. “పిల్ల నేర్చుకున్నది. నేర్చుకోనిది నేను. బంద్ చేస్తే నా జీతం బంద్ చెయ్యిండ్రి. దాని గింజలు బంద్ చెయ్యకుండ్రి.”

ఆశీర్వాదం తాత గడ్డం గోక్కుని, “ఇదన్నా అతికిందో లేదో జర ఇప్పి చూద్దాం” అంటూ కుండీ వైపు వంగాడు.

“చెయ్యి తియ్యిండ్రి!” అని పంతులమ్మ వేసిన కేకకు కోళ్ళన్నీ ఒక్కసారి కొక్కొక్కొమన్నాయి. చర్చి అంతా నవ్వులే. ఆ ముసలాయనా పగలబడి నవ్వి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “ఇంక ఎన్ని దినాలు ఆగాలె, బిడ్డా?”

“ఇంకో వానకాలం, తాతా.”

“సరే తియ్” అన్నాడు.

తిరుగుబండిలో అన్నాను, “ముడులు నేను చూసిన, పంతులమ్మా.”

“మరి చెప్పలేదేమే?”

“మీరే చెప్తరని చూసిన.”

“కోపమొచ్చిందా?”

“మస్తొచ్చింది.” ఆమె నన్ను దగ్గరికి లాక్కుని జుట్టంతా చెరిపేసింది. నేనూ ఆ ఒళ్ళోనే ఏడ్చాను.

ఆ పదో మొక్కను చేవెళ్ళ చర్చి ఆవరణలోనే నాటాం. నాలుగో ఎండాకాలం కాసిన మొదటి కాయను ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. “ఏదీ, చూడనీ!” అని లాక్కుంది. నొక్కి చూసింది, వాసన చూసింది. నేను కత్తి తీయబోతే నా చెయ్యి పట్టుకుంది. “ఆగే. ఇంక రెండు దినాలు ఆగుదాం” అని దాన్ని గడ్డిలో దాచింది. నిజంగానే ఆగింది.

ఇప్పుడు నా దగ్గర అంట్లు నేర్చుకునే పిల్లలున్నారు. నెల తిరక్కుండా వాళ్ళ తల్లిదండ్రులు వచ్చి “ఏమన్న వచ్చిందా?” అని అడుగుతారు. రెండు వానకాలాలు ఆగమంటాను. నాకూ చెయ్యి దురదపెడుతుంది, పిల్లల కట్లు విప్పి చూడాలని. చేతులు వెనక్కి కట్టుకుంటాను. ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు గింజలు ఇప్పటికీ వేరే కుండలో వేస్తున్నాను. ఏ బిడ్డకు పోతాయో, ఆ బిడ్డ ఏం నేర్చుకుంటుందో అడగను. కుండ మూత మాత్రం తీసి చూడను.