మెడకు మెటికలు

ప్రభుత్వ వైద్య కళాశాల అనాటమీ విభాగంలో ప్రొఫెసర్‌గా పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది జూన్‌లో, శంషాబాద్ దగ్గర ఒక ప్రైవేటు కళాశాలలో కాంట్రాక్టు పద్ధతి మీద చేరాను. అక్కడ వ్యాయామ శాస్త్రంలో డిగ్రీ కోర్సు కొత్తగా పెట్టారు. అది చదివినవాళ్ళు జిమ్ములలో శిక్షకులుగానో, ఆసుపత్రులలో రోగుల చేత కసరత్తు చేయించే విభాగాలలోనో పనిచేస్తారు. మొదటి ఏడాది పిల్లలకు ఎముకలు, కండరాలు, నరాలు చెప్పడం నా పని. హోదా 'విజిటింగ్ ప్రొఫెసర్'. మా ఇల్లు అత్తాపూర్‌లో కనుక, కళాశాల కంటే ఆరాంఘర్ ట్రాఫిక్‌నే ఎక్కువసేపు విజిట్ చేసేదాన్ని.

కళాశాలకు ఒకే ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం ఉండేది. అది కాలేజీ టీషర్టు తొడుక్కుని రిసెప్షన్‌లో నిలబడేది. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ ప్రయోగశాల ఉందని నమ్మకం కలగాలి కదా. తరగతికి కావాలంటే అనుమతి తీసుకోవాలి; అడ్మిషన్ల కాలంలో అనుమతి దొరకదు. పైగా దాన్ని బిగించిన మహానుభావుడెవరో కుడిపాదాన్ని ఎడమకాలికి, ఎడమపాదాన్ని కుడికాలికి తగిలించాడు. ఆ సంగతి ఆఫీసులో చెబితే "ఎవరు చూస్తారు మేడమ్" అన్నారు. చూడడానికే కదా అక్కడ పెట్టింది అని నేను అనలేదు.

అందుకని పిల్లల ఒంటి మీదే పాఠం చెప్పేదాన్ని. చర్మం మీద కాటుక పెన్సిల్‌తో గీతలు గీసి, లోపల ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అంటుకుంటుందో వేళ్ళతో తడిమి చెప్పాలి. ఈ పద్ధతిలో అందరికంటే బాగా నేర్చుకున్నది మౌనిక. శంషాబాద్ అవతల పల్లెలో టమాటాలు, ఆకుకూరలు పండించే ఇంటి పిల్ల. కబడ్డీ ఆడేది. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయాక, అసలు మోకాలి లోపల ఏముంటుందో తెలుసుకుందామని ఈ కోర్సులో చేరింది. మిగతావాళ్ళలో చాలామంది పొట్ట మీద పలకలు తేలాలని చేరారు. అదీ న్యాయమైన కారణమే.

ఒకరోజు మెడ గురించి చెప్పాను. చేతులకు వెళ్ళే నరాలు మెడ ఎముకల మధ్య నుంచి పక్కలకు బయటికి వస్తాయి. కాళ్ళకు వెళ్ళే దారులు వెన్నుపాములోనే కిందికి సాగిపోతాయి. మెడనొప్పి మనిషికి చెయ్యి మాత్రమే తిమ్మిరెక్కితే ఒక నరం నలుగుతోందని అనుమానించవచ్చు. కాళ్ళు కూడా తడబడుతుంటే వెన్నుపామే నలుగుతోందేమో చూడాలి. అంతవరకు ఆ మెడను తిప్పకూడదు.

"కాళ్ళ సంగతి మనం అడగకుంటే ఎట్ల ఎర్కైతది మేడం?" అంది మౌనిక.

అడగకపోతే తెలియదన్నాను.

నా పైన 'డైరెక్టర్, పెర్ఫార్మెన్స్' హోదాలో విక్రాంత్ అనే యువకుడుండేవాడు. అతని భుజాలు చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. శని ఆదివారాల కోర్సు ఒకటి చదివి, మెడను చటుక్కున తిప్పి మెటిక విరిచే విద్య నేర్చుకున్నాడు. ఆ చప్పుడుతో, పక్కకు జరిగిన ఎముక తిరిగి తన చోట కూర్చుంటుందని అతని సిద్ధాంతం. నిజానికి అది కీలులోని ద్రవంలో గాలిబుడగ చేసే చప్పుడు. ఎముక లేచి ఎక్కడికీ వెళ్ళలేదు, తిరిగొచ్చి కూర్చోవడానికి. కానీ అతను ఇంటర్నెట్‌లో పెట్టే బుడగ వీడియోలను వేలమంది చూస్తున్నప్పుడు నా మాట ఎవరికి కావాలి?

ఆ చలికాలం ఒక ఆదివారం ఉదయం ఛైర్మన్ గారు ఉచిత మెడనొప్పి శిబిరం పెట్టించారు. ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి ప్లాట్ల వ్యాపారంలో పైకొచ్చినవారు. అమ్ముడుపోని జాగాలో కళాశాల కట్టారు. రోడ్డు పక్కన షామియానా వేశారు. ఎయిర్‌పోర్టు లోడర్లు, క్యాబ్ డ్రైవర్లు, చుట్టుపక్కల రైతులు వచ్చారు. మెటిక చప్పుడు అందరికీ వినపడాలని విక్రాంత్ కాలరుకు మైకు పెట్టారు. నాకు శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టి, పక్కన అస్థిపంజరాన్ని నిలబెట్టారు. ఇద్దరి పనీ ఒకటే.

వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి బాధ ఏమిటో అడగడం మౌనిక వంతు. నర్సింహ అనే లోడరు వచ్చాడు. మెడ పట్టేసిందని, చేతులు తిమ్మిరెక్కుతున్నాయని చెప్పాడు. కాళ్ళెట్లున్నాయని మౌనిక అడిగింది.

"కాళ్ళకేమైతది బిడ్డా. నడుస్తుంటే చెప్పు జారిపోతది, నాకు ఎర్కనే కాదు. ఎనకకి చూస్తే ఏడనో పడుంటది. అంగీ గుండీలు గూడ ఇంటామెనే పెడ్తది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మౌనిక విక్రాంత్ దగ్గరికి వెళ్ళి మెల్లగా ఏదో చెప్పింది. అతను మైకులో, "మా స్టూడెంట్ థియరీ కొంచెం ఎక్కువ చదివింది" అన్నాడు. మళ్ళీ నవ్వులు. రెండు చేతులతో నర్సింహ గడ్డాన్నీ తలనూ పట్టుకున్నాడు. మౌనిక విక్రాంత్ మణికట్టు పట్టుకుంది.

"సార్, ఈ మెడ ముట్టకుండ్రి."

మైకు పుణ్యమా అని ఆ మాట రోడ్డవతలి టీ కొట్టు దాకా వినపడింది.

నేను లేచాను. ఉపయోగించి చాలా కాలమైనా వైద్యపట్టా నాకూ ఉంది. నర్సింహను బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చోమని, మోకాలిచిప్ప కింద అరచేతి అంచుతో కొట్టాను. కాలు ఎగిరి విక్రాంత్ పిక్కకు తగిలింది. ఎవరి కాలైనా కొద్దిగా ఎగురుతుంది; ఇంత గట్టిగా ఎగిరితే పైనుంచి అదుపు చేసే దారి ఎక్కడో నలుగుతోందనుకోవాలి. మెడ ఎవరి చేతికీ ఇవ్వొద్దని, ఇవాళే ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాను.

"దవాఖానకు పోతే డ్యూటీ పోతది మేడం" అన్నాడతను.

"కాళ్ళు పోయినంక డ్యూటీ ఎవలిస్తరన్నా?" అంది మౌనిక. తనే ఆటో పిలిచి వెంట వెళ్ళింది.

మర్నాడు ఛైర్మన్ గదికి రమ్మని మౌనికకూ నాకూ పిలుపు వచ్చింది. విద్యార్థులందరి ముందు డైరెక్టరుకు మౌనిక క్షమాపణ చెప్పాలి, లేకపోతే ఇంటర్నల్ మార్కులు రావన్నారు. అవి లేనిదే ఫైనల్ పరీక్ష రాయనివ్వరు; ఆ మార్కులు వేసేది విక్రాంతే. "మేడమ్ గారూ, మీరు పెద్దవారు, అమ్మాయికి కాస్త నచ్చచెప్పండి" అన్నారు ఛైర్మన్ గారు.

మౌనిక ఛైర్మన్ గారి వైపు తిరిగింది. "తప్పేందో చెప్పుండ్రి సార్. తప్పైతే అందరి ముంగట చెప్త. కాళ్ళ సంగతి అడుగుడు తప్పా?"

పక్కనే కూర్చున్న విక్రాంత్ ఫోన్ చూసుకున్నాడు. మార్కులు ఆపితే విశ్వవిద్యాలయానికి జరిగింది జరిగినట్టు చెబుతానన్నాను. ముప్పై ఏళ్ళ ప్రభుత్వోద్యోగంలో ఇంతకంటే మర్యాదగా బెదిరించడం నాకు చేతకాలేదు.

వాళ్ళు ఏదో ఒకటి తేల్చేలోపే నర్సింహ స్కానింగు ఫలితం వచ్చింది. మెడలో డిస్కు జారి వెన్నుపామును నొక్కుతోంది. ఆ స్థితిలో ఎవరైనా మెడ గట్టిగా తిప్పి ఉంటే కాళ్ళూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉండేదని సర్జన్ ఇంట్లోవాళ్ళకు చెప్పాడు. ఆపరేషన్ చేశారు. నర్సింహ ఇప్పుడు బాగానే నడుస్తాడు. వేళ్ళ పట్టు పూర్తిగా రాలేదు; బరువులు లేని పనికి మార్చారు.

క్షమాపణ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొద్ది రోజులకు ఆరాంఘర్ చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. అందులో విక్రాంత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సకాలంలో గుర్తించి ఒక కుటుంబాన్ని నిలబెట్టిన శిబిరం అని పక్కన రాశారు. మౌనిక బొమ్మ ఎక్కడా లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మాత్రం, "ఉండనియ్యుండ్రి మేడం, ఇగ పరీక్షకైతే కూసోనిస్తరు" అంది. కూర్చుంది, పాసయింది. డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడు ఒక ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ చేత అడుగులు వేయిస్తోంది. నా కాంట్రాక్టు పొడిగించలేదు. బోధనను డిజిటల్ చేస్తున్నారట.

అనాటమీ చదివితే మనిషి ఒంటి మీద చెయ్యి వేసే అర్హత వస్తుందని ఉద్యోగకాలమంతా పాఠం చెప్పాను. ఇప్పుడెవరైనా ఆ కోర్సుకు పాఠ్యక్రమం రాసిపెట్టమంటే, చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలన్నది మొదటి పాఠంగా పెడతాను. అది చిన్న పాఠం, చప్పుడు చెయ్యదు. డైరెక్టర్లకు కూడా చెప్పవలసి ఉంటుంది కనుక, ఇంతవరకు నన్నెవరూ రాసిపెట్టమనలేదు.