మన్ననూరు ఘాటుకు సరిపోయిన హౌసింగ్

1965 ఎండాకాలం. కల్వకుర్తిలో అచ్చంపేట వెళ్లే రోడ్డు పక్కన నాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ని. అంతకుముందు కొన్నేళ్లు నందికొండలో, డ్యాం పనులకు తెచ్చిన పెద్ద యంత్రాల వర్క్‌షాపులో పనిచేశాను. టర్బోఛార్జర్ అనే వస్తువును నేను మొదటిసారి విప్పి చూసింది అక్కడే.

ఇంజన్ వదిలేసే పొగలో వేడి, వేగం ఇంకా చాలా మిగిలి ఉంటాయి. టర్బోలో ఒకే ఇరుసుకు రెండు చక్రాలు ఉంటాయి. పొగ ఒక చక్రాన్ని తిప్పితే, దానితో పాటు తిరిగే రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ అందితే డీజిల్ పూర్తిగా కాలుతుంది, బలం పెరుగుతుంది. పొగ తగిలే చక్రం చుట్టూ నత్తగుల్ల ఆకారంలో ఒక ఇనుప గూడు ఉంటుంది. దాన్ని టర్బైన్ హౌసింగ్ అంటాం. ఆ గుల్లలో దారి ఇరుకుగా ఉండాలా, వెడల్పుగా ఉండాలా అన్నది బండిని బట్టి తేల్చుకోవలసిన సంగతి. నా పనిలో దాన్ని నిజంగా తేల్చుకోవలసి వచ్చింది బీరయ్య కారు విషయంలో.

బీరయ్యది గొర్లు కాసే ఇల్లు. నలభై దాటిన మనిషి. వాటాకు వచ్చిన గొర్రెల్లో కొన్ని అమ్మి, ఒక దొరగారి గడిలో దుమ్ము కొట్టుకుపోతున్న పొడుగాటి అమెరికా కారు కొన్నాడు. పెట్రోలు పోయలేక, అసలు ఇంజన్ తీసేయించి చిన్న లారీకి వాడే నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ పెట్టించాడు. ఏనుగుకు మేక గుండె పెట్టినట్టయింది. చదును రోడ్డు మీద పర్వాలేదు. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం సగంలోనే ఉడికిపోయి ఆగిపోయేది.

"మిస్త్రీ, నా బండి ఘాటు ఎక్కాలె. గంతే," అన్నాడు షెడ్డులోకి వస్తూనే.

"మనుషులను తక్కువ ఎక్కించుకోరాదు?"

"ఒక్కణ్ని పోయిన గూడ గంతే. నీళ్లు పోసుకుంట, రాళ్లు పెట్టుకుంట కూసుంటే, కాలినడకన పోయెటోళ్లు నన్ను దాటిపోతున్నరు."

"కిరాయి బండే గదా. కింది ఊర్లకు తిప్పుకో. ఘాటే ఎందుకు?"

అప్పుడు చెప్పాడు. ఎండలు ముదిరితే వాళ్ల మందలన్నీ మేత కోసం నల్లమల మీదికి వెళ్తాయి. కిందటేడు పైన ఉండగా మందలకు బొబ్బరోగం తగిలింది. గొర్రెలకు వచ్చే అమ్మవారు అది. టీకా మందు మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేట దాకా వచ్చింది. మంచులో పెట్టి తేవలసిన మందు. పైకి చేర్చే బండి దొరికేలోపు మంచు కరిగింది, మందు చెడింది.

"మందు అచ్చంపేటల ఉండె, మా గొర్లు పైన సచ్చిపోతుండె. ఈ ఏడు గట్ల కానియ్య," అన్నాడు. ఆ మాటలో ఏడుపు లేదు. పట్టుదల ఉంది.

నందికొండలో తుక్కు కింద వేలం వేసినప్పుడు నేను ఒక చిన్న టర్బోను తెచ్చుకుని, బాగుచేసి దాచుకున్నాను. దానికి అమరే హౌసింగులు రెండు ఉన్నాయి. ఒకటి కంప్రెసర్ ఇంజన్‌ది, దారి వెడల్పు. రెండోది ఇంకా చిన్న యంత్రానిది, దారి ఇరుకు. రెండూ బల్ల మీద పెట్టాను. బీరయ్య చెయ్యి నేరుగా పెద్దదాని మీదికి పోయింది.

"గిదే పెట్టు. పెద్ద నోరు ఉన్నోడే ఎక్కువ తింటడు."

"ఇది నోరు కాదు బీరన్నా. వాగు అనుకో. వెడల్పు జాగల మెల్లగ పోతది, ఇరుకు సందుల ఉరుకుతది. ఘాటు మీద ఇంజన్ మెల్లగ తిరుగుతది, పొగ తక్కువ వస్తది. తక్కువ పొగ చక్రాన్ని తిప్పాలంటే సందు ఇరుకు ఉండాలె."

"మరి సాపు రోడ్డు మీద?"

"అక్కడ ఈ ఇరుకు సందే ఇంజన్ గొంతు పడుతది. పొగ బయటికి పోనీయదు. ఇంజన్ కాగుతది."

అతను వింటే నమ్మే మనిషి కాదు, చూస్తే నమ్మే మనిషి. నాకూ ఇలాంటి బండికి టర్బో పెట్టడం కొత్తే. నందికొండలో ఏ యంత్రానికి ఏ హౌసింగ్ వాడాలో తయారుచేసిన వాళ్లే తేల్చి పంపేవారు. అందుకని రెండూ పెట్టి చూడాలనుకున్నాం.

చూడాలంటే కొలత కావాలి. టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడిని బూస్ట్ అంటాం. దాన్ని చూపించే గేజ్ నా దగ్గర లేదు. దవాఖాన కాంపౌండరును అడిగి పాదరసం బీపీ మిషన్ తెచ్చాను. "బండికి గూడ బీపీ లేసిందా?" అని నవ్వుతూనే ఇచ్చాడు. దాని రబ్బరు గొట్టాన్ని ఇంజన్‌కు గాలి వెళ్లే పైపుకు కలిపి, పెట్టెను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

మొదట బీరయ్య కోరినట్టే పెద్దది. ఘాటు మొదలై రెండో గేరు పడగానే బండి నల్లగా పొగ కక్కింది. పాదరసం అడుగున కదిలీ కదలనట్టు ఉంది. రెండో మలుపు దాటకముందే రేడియేటర్ ఉడికింది. చల్లార్చి వెనక్కి తిప్పాం. కింద చదును రోడ్డు మీద వేగం అందుకోగానే పాదరసం జరజరా పైకి లేచింది. కారు ముందుకు దూకింది.

"సూసినవా! గుర్రమయ్యింది!" అని బీరయ్య స్టీరింగ్ మీద చరిచాడు.

"గుర్రమే. ఘాటు కాడ మాత్రం మళ్లీ మేకే గదా," అన్నాను.

తర్వాత చిన్నది బిగించాం. ఈసారి ఎక్కుడు మొదట్లోనే టర్బో సన్నగా ఈల వేసింది. పాదరసం లేచి, పైనే నిలబడింది. పొగ పలచబడింది. కారు పరుగెత్తలేదు కానీ ఎక్కడా ఆగలేదు. ఘాటు పైన మన్ననూరులో దిగి, బీరయ్య కాసేపు కారు చుట్టూ తిరిగాడు. అయితే తిరుగు దారిలో, చదును మీద వేగం పెంచేసరికి నేను అనుకున్నంతా అయింది. ఇంజన్ బిగుసుకుపోయినట్టు గునిసింది. ఆపి చూస్తే టర్బో ముందున్న ఎగ్జాస్ట్ పైపు కొలిమిలో ఇనుములా ఎర్రబారింది. అలాగే తోలితే పిస్టన్లు కాలిపోతాయి.

ఇక తేల్చుకోవలసింది అతనే. పెద్దది పెడితే కల్వకుర్తి నుంచి మహబూబ్‌నగర్ దాకా బస్సులను దాటుకుంటూ పోవచ్చు. చిన్నది పెడితే బస్సులే అతన్ని దాటిపోతాయి, గిరాకీ తగ్గుతుంది. అదంతా విడమరిచి చెప్పాను. బీరయ్య గొంగడి పరుచుకుని కూర్చున్నాడు.

"చిన్నదే ఉంచు మిస్త్రీ," అన్నాడు చివరికి. "సాపు మీద ఎద్దు లెక్క నడుస్త. నవ్వెటోళ్లు నవ్వనీ. గుట్ట మీద మాత్రం ఆగొద్దు."

డీజిల్ పంపును తగినట్టు సరిచేసి, యాక్సిలరేటర్ కింద ఒక ఇనుప ముక్క అతికించాను. ఇంజన్ ఒక హద్దు దాటి తిరగకుండా అదే అడ్డు. బస్సు డ్రైవర్లు నిజంగానే నవ్వారు. అతను పట్టించుకోలేదు.

ఆ నెలలోనే నల్లమల మీదినుంచి కబురు వచ్చింది. మళ్లీ బొబ్బరోగం. మహబూబ్‌నగర్ పశువుల దవాఖాన నుంచి ఒక యువ డాక్టరు, రంపపు పొట్టులో మంచు, మంచులో టీకా సీసాలు ఉన్న పెట్టెతో పొద్దున్నే కల్వకుర్తిలో బస్సు దిగాడు. వాళ్ల జీపు వేరే పనిమీద పోయిందట. ఎండలో ఇంజన్ ఎలా ఉంటుందో చూడాలని నేను కూడా బీరయ్య కారులో వాళ్లతో బయలుదేరాను.

"మంచు మధ్యాహ్నం దాక ఉంటె గొప్ప," అన్నాడు డాక్టరు పెట్టె మీద తడిగుడ్డ కప్పుతూ.

ఘాటు సగం దాకా బాగానే ఎక్కాం. అక్కడ మలుపులో కర్రలారీ ఒకటి చెడిపోయి ఆగి ఉంది. పక్కన ఒక బండి పట్టేంత సందు, ఆ తర్వాత లోయ. బీరయ్య బండిని దాదాపు నిలబెట్టి, మొదటి గేరు వేసి, చక్రాన్ని అంచుకు తెచ్చాడు. నేను దిగి, టైరు పక్కన నడుస్తూ చేత్తో దారి చూపించాను. ఇంజన్ ఇక ఆగిపోతుందేమో అనిపించింది. అంతలో టర్బో ఈల మొదలైంది. ముందు సన్నగా, తర్వాత గట్టిగా. కారు మూలుగుతూ ఎత్తు ఎక్కి, లారీని దాటి రోడ్డు మధ్యకు వచ్చింది. అంత మెల్లటి పాకుడులో పెద్ద హౌసింగ్ ఊపిరి పోసి ఉండేది కాదు. నేను పరుగెత్తి ఎక్కాను. డాక్టరు రెండు చేతులతో పెట్టెను గుండెకు హత్తుకుని ఉన్నాడు.

ఘాటు పైన, రోడ్డు పక్కనే మొదటి మంద. కాపరి చేతులూపుతూ అడ్డం వచ్చాడు. అతను బీరయ్య తమ్ముడు మల్లయ్య.

"నీ మందల బొబ్బలు లేసినయా?" అని డాక్టరు అడిగాడు.

"లేసినయి సారూ. జల్దిన సూది ఇయ్యుండ్రి."

డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "రోగం సొచ్చిన మందకు ముందుగాల ఏస్తే మందు దండుగ. ఇంక తగలని మందలు లోపట ఉన్నయి. వాటికి ఏసినంక మిగిలితే నీకు."

మల్లయ్య డాక్టరును వదిలేసి అన్నవైపు తిరిగాడు. "అన్నా! బండి నీది. నువ్వు ఆపితే ఎట్ల కదులుతది?"

బీరయ్య స్టీరింగ్ వదల్లేదు. "మల్లిగా, బొబ్బలున్నయి ఒకదిక్కు, లేనియి ఒకదిక్కు చెయ్యి. ఎవ్వల మందతోటి కలువనియ్యకు. నేను మల్లొస్త," అని గేరు వేశాడు. మల్లయ్య కారు వెనక కొంతదూరం తిట్టుకుంటూ పరుగెత్తాడు. బీరయ్య అద్దంలోకి చూడలేదు. బుగ్గల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

అడవిలోపల మంద తర్వాత మంద. పెట్టెలో మంచు నీళ్లయినా, ఆ నీళ్లు చల్లగానే ఉన్నాయి. గొర్రెలను పట్టి ఇవ్వడంలో కాపరులతో పాటు నేనూ చెయ్యి వేశాను. పొద్దు వాలేసరికి కొన్ని సీసాలు మిగిలాయి. వాటితో మల్లయ్య దగ్గరికి వచ్చాం. అతను అన్నతో మాట్లాడలేదు కానీ, చెప్పినట్టే మందను రెండుగా విడదీశాడు. బొబ్బలు లేనివాటికి డాక్టరు టీకాలు వేశాడు.

లోపలి మందలు దాదాపు అన్నీ బతికాయి. మల్లయ్య మందలో సగం పోయింది. వానలు పడి అందరూ కిందికి దిగాక, బతికిన మందల కాపరులు కూడబలుక్కుని మల్లయ్య దొడ్డికి వచ్చారు. తలా ఒక మంచి పుట్టుక గల ఆడ గొర్రెపిల్లను చేతుల మీద మోసుకొచ్చి అతని ముందు దింపారు. "మీ అన్న ఆనాడు ఆగితే మేమందరం ఆగమైపోతుంటిమి," అన్నాడట వారిలో పెద్దాయన. అన్నదమ్ములు మళ్లీ మాట్లాడుకున్నది ఆ రోజే. తర్వాత ఒకసారి మల్లయ్య ఆ కారు ముందు సీట్లో కూర్చుని నా షెడ్డుకు వచ్చాడు. "గీ ఈల ఏసేది ఏంది, జర సూపియ్యి," అని బానెట్ ఎత్తించుకుని చూశాడు.

ఆ తర్వాత ఎన్నో బండ్లకు టర్బోలు పెట్టాను. ఏ హౌసింగ్ పెడితే బండి ఎంత వేగం పోతుందని అందరూ అడిగేవారు. రోజూ ఎక్కడ పరుగెత్తుతుందో చూసి యంత్రాన్ని ఎంచుకుంటే, అవసరం పడిన నాడు అది చేతులెత్తేస్తుంది. అందుకే నేను వాళ్లను ముందు ఒకటే అడిగేవాణ్ని: "నీ బండి ఎక్కడ ఆగుతాంది?" ఆ జాగాకు వెళ్లి చూసి వచ్చాకే పానా పట్టేవాణ్ని.